ఇంటికి డబ్బొచ్చింది, ఇల్లెందుకు లేవలేదు?

(ఒడిశాలోని బరంపురంలో తెలుగు యువజనుల సమావేశంలో చేసిన ప్రసంగం, రికార్డు విని రాసింది)

అందరికీ నమస్కారం. పెద్దలున్నారు, కాలేజీ పిల్లలున్నారు, గోపాలపురం నుంచీ ఛత్రపురం నుంచీ వచ్చినవాళ్ళున్నారు, పర్లాకిమిడి నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన అక్కలున్నారు. పేదల ఇళ్ళ గురించి, ఆ పని చేసే స్వచ్ఛంద సంస్థల గురించి మాట్లాడమన్నారు. నేరుగా విషయానికే వచ్చేస్తాను, ఎందుకంటే చెప్పాల్సింది చాలా ఉంది, భోజనాల టైముకి ఆపేయమన్నారు.

మన దగ్గర సంస్థ అనగానే అందరికీ గుర్తొచ్చేది తుపాను తర్వాత వచ్చే లారీ. దుప్పట్లు, టార్పాలిన్లు దింపుతారు, పంచుతారు, వెళ్తారు. లేదంటే ఒక పెద్ద సంస్థ వచ్చి వరసగా యాభై ఇళ్ళు కట్టించి తాళాలు చేతిలో పెట్టి వెళ్తుంది. ఆ రెండూ కావాలి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను మన గోపాలపురం దగ్గరే తీరం దాటింది, ఆ మర్నాడు ఒక టార్పాలిన్ పట్టా విలువేంటో ఈ హాల్లో ఉన్నవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ నేనివాళ మాట్లాడేది ఆ సంస్థల గురించి కాదు. మన వార్డులోనే ఉండి, నలుగురైదుగురు మనుషులతో, ఒక అద్దె గదితో, ఒక బీరువాతో నడిచే చిన్న సంస్థ గురించి. ఇళ్ళ విషయంలో అసలు లోటు అక్కడుందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఎందుకంటే డబ్బుంది. సరిపోతుంది అనట్లేదు, ఉంది అంటున్నాను. పల్లెల్లో ప్రధానమంత్రి ఆవాస్ యోజన కింద మైదాన ప్రాంతాల్లో ఇంటికి 1.20 లక్షలు, కొండ ప్రాంతాల్లో, కష్టమైన ప్రాంతాల్లో 1.30 లక్షలు. మరుగుదొడ్డికి విడిగా 12,000. సొంతింటి పని చేసుకున్నందుకు 90 నుంచి 95 రోజుల ఉపాధి కూలి కూడా ఆ పథకంలో రాసిపెట్టారు. పట్నాల్లో సొంత జాగాలో కట్టుకునేవాళ్ళకి అదే పథకంలో కేంద్రం వాటా 1.50 లక్షలు. రాష్ట్ర ప్రభుత్వం పథకాలు వేరే. మరి మంజూరు కాగితం వచ్చాక కూడా పునాదుల మధ్య గడ్డి మొలిచి, పక్కన టార్పాలిన్ కింద సంసారం చేస్తున్న ఇళ్ళు ఎందుకు కనపడుతున్నాయి? మీ వీధుల్లో కూడా ఉంటాయి, లేవని ఎవరైనా అంటే నేను నమ్మను. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అని మనవాళ్ళు ఊరికే అనలేదు. డబ్బు మంజూరవడానికీ, గొళ్ళెం పెట్టుకుని లోపల పడుకోవడానికీ మధ్య చాలా దూరం ఉంది, ఆ దూరంలో పక్కన నడిచే మనిషి లేడు. సంస్థ పని అదీ.

ముందు కాగితాల సంగతి. ఒడిశాలో ఉన్న తెలుగువాళ్ళకి ఇది మరీ ఎక్కువ. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఇక్కడ ఆఫీసుల్లో చివర రాస్తారు. ఒకావిడ పేరు అప్పలమ్మ అనుకోండి. ఆధార్లో పుట్టింటి పేరు ముందుంటుంది, రేషన్ కార్డులో అత్తింటి పేరు వెనకుంటుంది, బ్యాంకు పుస్తకంలో పేరులో ఒక అక్షరం ఎగిరిపోయి ఉంటుంది. డబ్బు నేరుగా ఖాతాలో పడే పద్ధతి కదా, మూడింట్లో పేరు ఒకేలా లేకపోతే ఎక్కడో ఒకచోట ఆగిపోతుంది. ఆవిడకి ఒడియా మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు. బ్లాకాఫీసుకి కాళ్ళరిగేలా తిరుగుతుంది, తిరిగిన ప్రతి రోజూ చేపల బుట్ట దింపుకున్నట్టే, అంటే ఆ రోజు సంపాదన పోయినట్టే. ఆఫీసులో ఉన్నవాళ్ళందరూ చెడ్డవాళ్ళని నేననను, ఒక గుమాస్తా ముందు వందల దరఖాస్తులుంటాయి. కానీ ఇంటింటికీ వెళ్ళి మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి, తేడా ఎక్కడుందో చూసి, దరఖాస్తు పెట్టకముందే సరిచేయించే మనిషి వీధిలో ఒకరుంటే సగం కేసులు ఆగవు. దీనికి ఇంజనీరు అక్కర్లేదు. ఒడియా, తెలుగు రెండూ చదవగలిగిన డిగ్రీ పిల్ల చాలు.

కాగితాల్లోకెల్లా పెద్దది జాగా కాగితం. పట్నం బస్తీల్లో ఉన్నవాళ్ళకి ఇంటి పథకం ఉన్నా లేనట్టే ఉండేది, ఎందుకంటే సొంత జాగా అని చూపించుకోవడానికి ఏమీ ఉండేది కాదు. 2017లో ఒడిశా ప్రభుత్వం బస్తీవాసుల భూమి హక్కుల చట్టం తెచ్చింది. దాన్ని అమలు చెయ్యడానికి 2018లో జగా మిషన్ మొదలైంది. పని మొట్టమొదట మొదలైంది మన గంజాం జిల్లాలోనూ, పూరీ జిల్లాలోనూ. డ్రోన్లు ఎగరేసి బస్తీల మ్యాపులు తీశారు, ఇంటింటికీ నంబరేశారు, సర్వే చేసినవాళ్ళలో స్వచ్ఛంద సంస్థలవాళ్ళు, బస్తీలో ఏర్పడిన సంఘంవాళ్ళు ఉన్నారు. ఆర్థికంగా బలహీనమైన కుటుంబానికి 30 చదరపు మీటర్ల దాకా ఉచితంగా హక్కు పత్రం. అది వారసులకి వస్తుంది, అమ్ముకోవడానికి కుదరదు, ఇంటి లోను కోసం బ్యాంకులో తాకట్టు పెట్టుకోవచ్చు. పెళ్ళైనవాళ్ళైతే భార్యాభర్తలిద్దరి పేర్ల మీదా ఇస్తారు. 2023లో ఈ మిషన్‌కి ప్రపంచ ఆవాస పురస్కారం వచ్చింది. ఆ 2017 చట్టం తెచ్చినప్పుడు మున్సిపాలిటీలకీ, ఎన్.ఏ.సి.లకీ, అంటే గోపాలపురం లాంటి చిన్న పట్నాల కౌన్సిళ్ళకీ వర్తించింది, బరంపురం లాంటి కార్పొరేషన్లకి దారి వేరుగా పెట్టారు, అందుకే గోపాలపురంలో చుట్టానికి వచ్చింది మాకెందుకు రాలేదని ఇక్కడివాళ్ళు అడుగుతుంటారు, ఎవరూ విడమరిచి చెప్పరు.

ఇద్దరి పేర్లూ అన్నాను కదా, దాని దగ్గర ఒక్క నిమిషం ఆగుతాను. గంజాం మగవాళ్ళు సూరత్‌లో ఉంటారు, పవర్‌లూమ్ షెడ్ల దగ్గర మెస్సుల్లో షిఫ్టుల వారీగా పడుకుంటారు. మన సముద్రపు కుర్రాళ్ళు పెద్ద బోట్ల మీద పనికి వేరే రాష్ట్రాల రేవులకి పోతారు. ఇంటి దగ్గర ఇల్లు కట్టించేది ఆడవాళ్ళే. మేస్త్రీతో బేరం ఆవిడే, ఇటుకల లారీవాడితో గొడవ ఆవిడే, రాత్రి సిమెంటు బస్తాలకి కాపలా ఆవిడే. అలాంటప్పుడు కాగితం మీద ఆవిడ పేరు ఉండడం దయ కాదు, న్యాయం. ఎక్కడైనా సర్వేకి వెళ్ళినవాళ్ళు "ఇంటి పెద్ద ఎవరు" అనడిగి మగాడి పేరొక్కటే రాసుకుని వచ్చేస్తే, అది అక్కడే ఆపి దిద్దించాలి. తర్వాత దిద్దడం చాలా కష్టం.

ఇప్పుడు విడతల డబ్బు సంగతి. ఇది అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. ఇంటి డబ్బు ఒక్కసారి రాదు, పని ఇంతవరకూ అయిందని ఫొటో తీసి, ఆ ఫొటో జాగాతో సహా పోర్టల్లో ఎక్కితేనే తర్వాతి విడత. అంటే ఏం జరుగుతుంది? ఉన్న గుడిసె పీకెయ్యాలి, ఎందుకంటే ఉన్న జాగా అదే. పీకేశాక మొదటి విడత పునాదికే అయిపోతుంది. ఫొటో తీసే మనిషి రావాలి, వస్తాడు, ఎప్పుడో. ఈలోగా మేస్త్రీ ఖాళీగా కూర్చోడు, వేరే పని ఒప్పుకుని పోతాడు. మేస్త్రీ పోకూడదంటే చేతిలో డబ్బుండాలి, దానికి వడ్డీ వ్యాపారి దగ్గరికి పోవాలి. నూటికి నెలకి అయిదు రూపాయలంటే ఎంతో మీకు తెలుసు. ముప్ఫై వేలు తీసుకుంటే నెలకి పదిహేను వందలు వడ్డీ. నాలుగు నెలలు ఆలస్యమైతే ఆరు వేలు, అది ఏ పథకం లెక్కలోనూ లేని ఆరు వేలు. తలుపులకి పెట్టాల్సిన డబ్బు అక్కడ పోతుంది. తలుపు లేని పక్కా ఇళ్ళు, గోనెపట్టా కట్టిన గుమ్మాలు మీరు చూసే ఉంటారు, ఆ తలుపులు అలా పోయినవే.

ఇక్కడ చిన్న సంస్థ చేయగలిగింది చాలా ఉంది. మహిళా సంఘాలు మనకి ఉన్నాయి, మిషన్ శక్తి అనే ఒడిశా ప్రభుత్వ కార్యక్రమం కింద వీధివీధినా ఉన్నాయి, వాళ్ళలో వాళ్ళు నూటికి రూపాయి, రెండ్రూపాయల వడ్డీకి తిప్పుకుంటున్నారు. దానికి పక్కనే ఇళ్ళ కోసమని ఒక చిన్న నిధి పెట్టి, విడతకీ విడతకీ మధ్య చేబదులిచ్చి, విడత పడగానే తిరిగి కట్టించుకుంటే, ఒకే లక్ష రూపాయలు ఏడాదిలో ఎన్నో కుటుంబాలకి తిరుగుతాయి. దాతలు అడుగుతుంటారు, లక్ష రూపాయలిస్తే ఎన్ని ఇళ్ళు కడతారు అని. ఒక్కటి కూడా కట్టలేం. కానీ ఆగిపోయిన ఇళ్ళు కొన్ని లేస్తాయి, డబ్బు కూడా నిధిలోనే ఉంటుంది. ఈ మాట నేను ఎక్కడికెళ్ళినా చెబుతాను.

మేస్త్రీ పని గురించి. అక్కలు శ్రద్ధగా వినండి, ఇది మీకోసమే. సముద్రం పక్క ఊళ్ళలో స్లాబు పదేళ్ళకే పెచ్చులూడి లోపల ఊచలు ఎర్రగా తుప్పుపట్టి కనపడుతుంటాయి. దానికి రెండు కారణాలు. ఒకటి, దగ్గర్లో ఉందని ఒడ్డు ఇసుక కలిపేస్తారు, అందులో ఉప్పు ఉంటుంది, ఉప్పు ఇనుమును తినేస్తుంది. రెండోది, ఊచ కిందా పక్కనా కాంక్రీటు మందంగా ఉండాలి, ఉండదు. ఊచల్ని సెంట్రింగ్ రేకు మీదే పరిచి కాంక్రీటు పోసేస్తే ఊచకీ గాలికీ మధ్య ఏమీ మిగలదు. దీనికి మందు ఏంటంటే కవర్ బ్లాకులు. సిమెంటు, ఇసుక కలిపి రెండు మూడు సెంటీమీటర్ల మందాన చిన్న బిళ్ళలు పోసుకుని, మధ్యలో సన్న తీగ గుచ్చి, ఆరాక నీళ్ళలో నానబెట్టి, ఊచల కింద అక్కడక్కడా కట్టడమే. ఖర్చు దాదాపు ఏమీ లేదు. మా వీధిలో ఒక పిన్ని పాత అగ్గిపెట్టెల్లో పోసి బిళ్ళలు తయారుచేసింది, స్లాబు వేసే రోజు పొద్దున్నే మేస్త్రీ కన్నా ముందు పైకెక్కి కూర్చుని, "బావూ, ఈ బిళ్ళలు కట్టకుండా ఒక్క తట్ట కూడా పొయ్యనివ్వను" అంది. మేస్త్రీ కాసేపు గొణిగాడు, తర్వాత ఆయనే కూర్చుని కట్టాడు. ఆ ఇంటి స్లాబు కింద ఇవాళ్టికీ ఒక్క మరక లేదు.

నీళ్ళు కూడా అంతే. 50 కిలోల సిమెంటు బస్తాకి సుమారు 25 లీటర్ల నీళ్ళు చాలు. పని సులువవుతుందని మేస్త్రీలు బక్కెట్ల మీద బక్కెట్లు పోస్తారు, జారుడుగా ఉంటే తొందరగా సర్దుకుంటుంది, కానీ బలం సగానికి పోతుంది. వేసిన తర్వాత తడపడం మానేస్తే ఇంకా పోతుంది. రేకుల ఇల్లయితే రేకుని దూలానికి మేకులతో కాదు, హుక్కు బోల్టులతో బిగించాలి, దూలాన్ని గోడలోకి కట్టాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు గజపతి జిల్లాలో, అవతల పలాస వైపు ఎన్ని కప్పులు లేచిపోయాయో మీరు చూశారు. ఇవన్నీ ఇంజనీర్లకి తెలుసు. ఇంటి యజమానురాలికి తెలియాలి, పని జరిగేటప్పుడు అక్కడుండేది ఆవిడే కదా. వీధిలో ఒక రిటైరైన ఓవర్సీర్ ఉంటే, ఆయన్ని పట్టుకుని రెండు ఆదివారాలు అక్కలకి ఇవి నేర్పిస్తే చాలు, ఆ తర్వాత ఆయన లేకపోయినా పని నడుస్తుంది.

ఇక ఇల్లు ఎవరి కోసం కడుతున్నాం అన్నది. 25 చదరపు మీటర్ల ఇల్లు, వంటకి చోటుతో సహా, ఇదీ పల్లె పథకంలో కనీస కొలత. పాయింటు ఏంటంటే మనవాళ్ళకి ఇల్లు పడుకునే చోటు మాత్రమే కాదు. బరంపురం పట్టు నేసేవాళ్ళ వీధులకి వెళ్ళండి. ఇల్లంటే మగ్గం. గుంట మగ్గం ఇంట్లో ఎంత జాగా తింటుందో వాళ్ళకే తెలుసు, పడుగు సాగదీయడానికి వీధే కావాలి. అక్కడ అపార్టుమెంటు కట్టి మూడో అంతస్తులో ఇల్లిస్తే ఇల్లు దక్కుతుంది, మగ్గం పోతుంది. సముద్రం మీద వేటకెళ్ళే వాడబలిజవాళ్ళ ఇళ్ళకైతే వల ఆరేసుకోవడానికీ, అల్లుకోవడానికీ, చేప ఎండబెట్టుకోవడానికీ ఇంటి ముందు జాగా కావాలి. రుషికుల్య నది సముద్రంలో కలిసే చోట పొదంపేట అనే ఊరిని సముద్రం తినేసింది, అక్కడివాళ్ళు లోపలికి జరగక తప్పలేదు. జరగాలి, ప్రాణం ముఖ్యం. కానీ కొత్త కాలనీ మ్యాపు గీసే రోజు, వలల జాగా ఎక్కడ, పడవ దగ్గరికి తెల్లవారుజామున ఎలా వెళ్తారు అని అడిగే మనిషి ఆ బల్ల దగ్గర ఉండాలి. ఆ మనిషిని తయారుచెయ్యడం కూడా సంస్థ పనే. ముంబైలో 1985లో ఫుట్‌పాత్‌ల మీద బతికేవాళ్ళని స్పార్క్ అనే సంస్థ దగ్గరుండి లెక్కపెట్టింది, సుమారు 6,000 కుటుంబాలు. అప్పటిదాకా వాళ్ళెవరో ఏ లెక్కలోనూ లేదు. అక్కడి ఆడవాళ్ళే తర్వాత మహిళా మిలన్ పేరుతో పొదుపు సంఘాలు పెట్టుకుని, ఇంటి నమూనాలు తామే వేసుకుని అధికార్ల ముందు పెట్టారు. వాళ్ళు చేసిన పని మన నేతవీధుల్లో, మన రేవుల్లో చేయలేకపోవడానికి కారణం ఏమీ లేదు.

మన జిల్లాలోనే ఉన్న ఉదాహరణ గ్రామ వికాస్ అనే స్వచ్ఛంద సంస్థ. బరంపురం పక్కన మొహుడాలో ఉంది, చాలామంది బోర్డు చూసి ఉంటారు. 1971లో మద్రాసు నుంచి విద్యార్థి వాలంటీర్లుగా ఒడిశాకి వచ్చినవాళ్ళలో జో మడియాత్ ఒకరు, ఆయన ఇక్కడే ఉండిపోయి 1979లో సంస్థ రిజిస్టర్ చేశారు. వాళ్ళ నీళ్ళు, మరుగుదొడ్ల పనిలో ఒక నియమం ఉంది: ఊళ్ళో ప్రతి ఇల్లూ చేరితేనే పని మొదలవుతుంది. ఒక్క ఇల్లు ఒప్పుకోకపోయినా మొదలుపెట్టరు. దళితుల ఇల్లు వదిలేద్దాం, ముసలమ్మ ఒంటరిగా ఉంది ఆవిడెందుకు అనడానికి వీల్లేదు. ఇంటికి సగటున వెయ్యి రూపాయలు మూలనిధికి, ఉన్నవాళ్ళు ఎక్కువ, లేనివాళ్ళు తక్కువ. ఆ నిధి వడ్డీతో తర్వాత ఊళ్ళో కొత్తగా ఏర్పడే కుటుంబాలకి కూడా అవే సౌకర్యాలు కల్పిస్తారు. 2003లో వాళ్ళకీ ప్రపంచ ఆవాస పురస్కారం వచ్చింది. నాకు ఇందులో నచ్చిందల్లా ఆ ఓపిక. ఆ ఆఖరి ఇంటిని ఒప్పించడానికి నెలల తరబడి కూర్చుంటారు, ఆ కూర్చోవడంలోనే ఊరు ఒక ఊరుగా మాట్లాడ్డం నేర్చుకుంటుంది. మన వార్డుల్లో మురుగుకాలవ పని ఎందుకు సగంలో ఆగిపోతుందంటే, పైనున్న పది ఇళ్ళవాళ్ళకి కాలవ అయిపోగానే కింద ఇళ్ళతో పనిలేదు. నీళ్ళు మాత్రం కిందికే పోతాయి.

నిధుల సంగతి త్వరగా చెప్పేస్తాను. చిన్న సంస్థలకి ఇది గడ్డుకాలం. 2020లో విదేశీ విరాళాల చట్టం సవరించాక, పెద్ద సంస్థ తనకొచ్చిన విదేశీ డబ్బులోంచి చిన్న సంస్థకి ఇవ్వడానికి వీల్లేదు. ఆఫీసు ఖర్చు కూడా 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించారు. మనలాంటి పనిలో ఖర్చంతా మనుషుల జీతమే, తిరిగేవాళ్ళకి బస్సు చార్జీలే. కంపెనీల సామాజిక బాధ్యత డబ్బు ఉంది, వాళ్ళకి కళ్ళకి కనపడే భవనం కావాలి, పేరు సరిచేయించిన కాగితాన్ని ఏ గోడకి తగిలిస్తారు? అందుకని మొదటి డబ్బు మనలోంచే రావాలి. ఈ హాల్లో ఉద్యోగాలున్నవాళ్ళు, విశాఖలో, హైదరాబాద్‌లో స్థిరపడి పండక్కి ఇంటికొచ్చేవాళ్ళు, నెలకి ఒక సినిమా టికెట్టంత ఇచ్చినా ఒక వార్డులో ఒక కార్యకర్తని నిలబెట్టొచ్చు. లెక్క ప్రతి నెలా వీధి గోడ మీద తెలుగులోనూ ఒడియాలోనూ అతికించాలి, అందులో రాజీ లేదు. లెక్క చూపించని సంస్థని జనం ఒక్కసారే నమ్ముతారు.

ఒడియావాళ్ళతో కలిసే చెయ్యాలి ఇది. తెలుగువాళ్ళ సంస్థ, తెలుగువాళ్ళకే అని మొదలుపెడితే మొదటి మురుగుకాలవ దగ్గరే ఆగిపోతాం. మన వీధిలో తెలుగు ఇల్లు, ఒడియా ఇల్లు పక్కపక్కనే ఉన్నాయి, గోడ ఒకటే. సంఘంలో కూడా ఇద్దరూ ఉండాలి, సంతకం ఇద్దరిదీ ఉండాలి.

మరి ఇప్పుడేం కావాలి అంటే చెప్తాను. ఒడియా రాయడం, చదవడం బాగా వచ్చిన పిల్లలు ముందు కావాలి. బ్యాంకు పని తెలిసినవాళ్ళు ఒకరిద్దరు. ఓవర్సీర్‌గానో, సైటు సూపర్‌వైజర్‌గానో పనిచేసి రిటైరైన పెద్దలు ఎవరైనా ఉంటే దయచేసి వెళ్ళేముందు నన్ను కలవండి. మొదటి పని ఆగిపోయిన ఇళ్ళ లెక్క, వార్డుల వారీగా: ఎవరిది, ఏ మెట్టు దగ్గర ఆగింది, కాగితం వల్లా, విడత వల్లా, మేస్త్రీ వల్లా. ఫారం తయారుగా ఉంది, రెండు భాషల్లోనూ ఉంది. వానలు ముదిరితే పని సాగదు, అందుకని కప్పు దాకా వచ్చి ఆగిన ఇళ్ళు ముందు చూద్దాం. ఫారాలు గుమ్మం దగ్గర బల్ల మీద పెట్టాను, ఎవరి వార్డువి వాళ్ళు తీసుకెళ్ళండి.